మ్యాక్స్ నొక్కే ముందు: క్రిప్టో తాకట్టు విడిపించుకోవడం ఎలా

పర్లాకిమిడి బజారులో మా బావకు సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. బోర్డు మీద ఒడియా, బిల్లు మీద ఇంగ్లీషు, గల్లాపెట్టె కిందున్న అరువు పుస్తకంలో మాత్రం తెలుగు. ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు, ఎవరి ఫోనుకో టెంపర్డ్ గ్లాసు అంటిస్తున్నవాడు పని ఆపి తన ఫోను నా చేతిలో పెట్టాడు.

"ఒరే, ఇందులో నా ఈథర్లు తాకట్టులో ఉన్నాయి. కాసిన్ని బయటికి తియ్యాల. ఈ మ్యాక్స్ అన్నది నొక్కీమంటావా?"

మ్యాక్స్ అంటే తియ్యగలిగినంతా ఒకేసారి తీసెయ్యడానికి ఉండే బటన్. వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పడానికి ఆ రాత్రి రెండు గంటలు పట్టింది. అదే ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఈ మధ్య ఇదే ప్రశ్న బరంపురం నుంచీ రాయగడ నుంచీ కూడా వింటున్నాను. క్రిప్టో కొనమనో వద్దనో చెప్పడం నా పని కాదు. ఇప్పటికే తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నవాళ్ళ కోసం ఇది.

బావ సంగతి ఇదీ. 2021లో మోజుపడి కొన్న 4 ఈథర్లను బ్యాంకూ, మేనేజరూ లేని ఒక లెండింగ్ మార్కెట్లో, అంటే అప్పులిచ్చే చోట, వేశాడు. ఈథర్ అంటే ఈథీరియం అనే నెట్‌వర్కు సొంత క్రిప్టో నాణెం. వాటిని చూపించి 4,000 యూఎస్‌డీసీ అప్పు తీసుకున్నాడు. యూఎస్‌డీసీ అంటే ఒక్కోటీ ఒక్కో డాలరుకు సమానంగా ఉండేలా నడిపే నాణెం. దాన్ని రూపాయల్లోకి మార్చి దసరాకి కొట్లో సరుకు నింపాడు. ఇప్పుడు చెల్లి పెళ్ళి దగ్గర పడింది, ఈథర్లు కావాలి. లెక్క తేలిగ్గా ఉండాలని ఈథర్ ధర 2,500 డాలర్లు అనుకుందాం. బావ అంకెలు కూడా కాస్త గుండ్రంగా చేసే చెబుతున్నాను.

మన వైపు తాకట్టు అంటే తెలియనివాళ్ళు ఎవరు? పుస్తెలతాడు తప్ప ఇంట్లో ఉన్న బంగారమంతా ఏదో ఒక ఏడు షావుకారు బీరువా చూసొచ్చిందే. ఆయన గీటురాయి మీద రుద్దుతాడు, రాళ్ళ తరుగు తీస్తాడు, తూస్తాడు, విలువలో కొంత కోసి మిగతాది చేతిలో పెడతాడు. అసలూ వడ్డీ కట్టిన రోజు నగ వెనక్కి వస్తుంది. మధ్యలో బంగారం ధర పడిపోయినా మర్నాడే కరిగించెయ్యడు. కబురు పెడతాడు, గడువిస్తాడు, వడ్డీ కట్టి తిరగరాయించుకోమంటాడు. బ్యాంకులూ గోల్డ్‌లోన్ కంపెనీలూ అయితే రాతపూర్వకంగానే ఈ పద్ధతి పాటించాలి. రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సొంత అవసరాల కోసం తీసుకునే అప్పు రెండున్నర లక్షల లోపైతే నగ విలువలో 85 శాతం దాకా, 5 లక్షల లోపైతే 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా ఇవ్వొచ్చు. వీటి అమలుకు 2026 ఏప్రిల్ 1 గడువు పెట్టారు. అప్పు తీరాక 7 పనిదినాల్లో నగ తిరిగివ్వకపోతే, ఆలస్యం వాళ్ళ వల్లే అయితే, రోజుకి 5,000 రూపాయలు వాళ్ళే మనకి కట్టాలి.

క్రిప్టో మార్కెట్లో కబురుండదు, గడువుండదు, పరిహారం ఉండదు. షావుకారు స్థానంలో ఒక ప్రోగ్రాం కూర్చుంటుంది. దానికి బావ ఎవరో తెలీదు, చెల్లి పెళ్ళి సంగతి అసలే తెలీదు. అంకె గీత దాటిందా లేదా అన్నది ఒక్కటే దాని చూపు.

ఇలాంటి లెండింగ్ మార్కెట్లలో ఆవే, కాంపౌండ్ లాంటి పేర్లు మీరు వినే ఉంటారు. ఆవే 2017లో ఈథ్‌లెండ్ అన్న పేరుతో మొదలైంది. అప్పుడు ఒక అప్పిచ్చేవాడినీ ఒక పుచ్చుకునేవాడినీ జతచేసేవాళ్ళు. అది సాగలేదు. 2020 జనవరి నుంచి ఉమ్మడి కుండ పద్ధతికి మారింది. అందరూ కుండలో వేస్తారు, అప్పు కావలసినవాళ్ళు కుండలోంచి తీసుకుంటారు, వడ్డీ కుండలోకే వస్తుంది. ఈ కుండ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీని దగ్గరికే మళ్ళీ రావాలి.

స్క్రీను మీద ఈ పనిని 'విత్‌డ్రా' అంటారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే మాటే రాతలోకి రావాలని ఆయన పోరాడారు. అంచేత నేను 'విడిపించడం' అనే అంటాను. పైగా విత్‌డ్రా అనగానే ఏటీఎం గుర్తొచ్చి, నా డబ్బు నేను తీసుకుంటున్నాను అనిపిస్తుంది. ఇక్కడ తీసేది అప్పుకి అడ్డుపెట్టిన వస్తువుని. విడిపించడం అంటే ఆ తేడా మరిచిపోం.

విడిపించాలంటే రెండు తలుపులు తెరుచుకోవాలి. ఒకటి, మన అప్పు ఒప్పుకోవాలి. రెండోది, కుండలో ఆ సరుకు ఉండాలి. చాలామందికి మొదటి తలుపే తెలుసు. అదీ సగమే.

మొదటి తలుపుకి కాపలా హెల్త్ ఫ్యాక్టర్ అనే అంకె. తాకట్టు విలువని లిక్విడేషన్ గీతతో (అప్పు ఆ విలువలో ఎంత శాతం దాటితే తాకట్టు చేజారుతుందో ఆ శాతంతో) హెచ్చవేసి, వచ్చినదాన్ని అప్పుతో భాగిస్తే అది వస్తుంది. బావ ఈథర్ల విలువ 10,000 డాలర్లు. గీత 80 శాతం అనుకుంటే 8,000. అప్పు 4,000. అంటే ఫ్యాక్టర్ 2. ఈ అంకె 1 కంటే కిందికి దిగిందంటే ముక్కూమొహం తెలియని ఎవడైనా వచ్చి బావ అప్పులో కొంత కట్టేసి, దానికి సరిపడా ఈథర్‌తో పాటు కొంత బోనస్ కూడా పట్టుకుపోవచ్చు. ఇదే లిక్విడేషన్. ఆవేలో సాధారణంగా సగం అప్పు దాకా కడతారు. అప్పు చిన్నదైనా, ఫ్యాక్టర్ మరీ పడిపోయినా మొత్తానికే ఎసరు. ఈథర్ లాంటి పెద్ద నాణేల మీద బోనస్ 5 శాతం దరిదాపుల్లో ఉంటుంది. చిన్నాచితకా టోకెన్ల మీద ఇంకా ఎక్కువ.

ఇక్కడ రెండు శాతాలు కలగాపులగం అవుతుంటాయి. అప్పు తీసుకునేటప్పుడు ఎంత దాకా ఇస్తారన్నది ఒకటి, ఎక్కడికి చేరితే వేలం అన్నది ఇంకొకటి. మొదటిది కాస్త తక్కువ, రెండోది కాస్త ఎక్కువ. షావుకారు కూడా ఇంతే: ఇచ్చేటప్పుడు ముప్పావు వంతు చూస్తాడు, అమ్మేసే మాట మాత్రం అప్పు నగ విలువకి దగ్గరపడ్డాకే. కానీ విడిపించేటప్పుడు ఆవే ప్రోగ్రాం ముఖ్యంగా రెండో గీతనే చూస్తుంది. అప్పివ్వడానికి అది ఒప్పుకోని చోటు దాకా కూడా మనల్ని తాకట్టు తీసుకోనిస్తుంది. అప్పు తీసుకున్న రోజున కనబడ్డ జాగ్రత్త, విడిపించే రోజున ఉండదన్నమాట.

బావ మ్యాక్స్ నొక్కబోయింది సరిగ్గా అక్కడే. 4,000 అప్పుని 80 శాతంతో భాగిస్తే 5,000. అంటే కనీసం 5,000 డాలర్ల తాకట్టు ఉంటే ఫ్యాక్టర్ 1 ఉంటుంది. కాబట్టి లెక్క ప్రకారం ప్రోగ్రాం 2 ఈథర్లని వదిలేస్తుంది. ఎంత తియ్యాలో చెప్పే స్లైడర్‌ని వేలుతో నెమ్మదిగా జరిపి చూపించాను. ఆకుపచ్చగా ఉన్న 2.00 పసుపు రంగులోకి, తర్వాత నారింజలోకి, చివరికి ఎర్రగా 1.02 దాకా వచ్చి ఆగింది. కింద బటన్ మాత్రం ఇంకా వెలుగుతూనే ఉంది.

"యాపే ఒప్పుకుంటాంది కదా, ఇంకేటి?" అన్నాడు బావ.

యాప్ ఒప్పుకునేది ఈ క్షణానికి. ఆ 1.02తో బయటపడ్డాక ఈథర్ ధర రెండు శాతం పడితే చాలు. అది పడడానికి ఒక మధ్యాహ్నం సరిపోతుంది.

మరి ఎంత తియ్యాలి? తిరగేసి అడగడం మేలు: ఎంత వదిలెయ్యాలి? అప్పుని మనం కోరుకునే ఫ్యాక్టర్‌తో హెచ్చవేసి, గీత శాతంతో భాగిస్తే తాకట్టులో ఉంచాల్సిన విలువ వస్తుంది. ఫ్యాక్టర్ 1.25 ఉంటే ధర 20 శాతం పడేదాకా ఫరవాలేదు. 1.5 ఉంటే మూడో వంతు పడినా తట్టుకుంటుంది. 2 ఉంటే సగానికి పడేదాకా. తాకట్టు ఒకే నాణెమై, అప్పు డాలరు నాణెమైతే ఈ లెక్క సరిగ్గా పనిచేస్తుంది. బావ ఒక్క ఈథర్ తీస్తే మిగిలేవి 3, విలువ 7,500, ఫ్యాక్టర్ 1.5. ధర 1,667 డాలర్ల దగ్గరికి వస్తే వేలం గంట మోగుతుంది.

1.5 సరిపోతుందా అన్నదానికి జవాబు కంప్యూటర్లో లేదు, మీరుండే ఊళ్ళో ఉంది. పట్నంలో కూర్చుని రాసేవాళ్ళు ఈ మాట చెప్పరు. ధర పడ్డప్పుడు మీరు ఎంతసేపట్లో ఫోను తీసి, డబ్బు వేసి, అప్పు తగ్గించగలరు? బెంగుళూరులో ఉన్నవాడికి పది నిమిషాలు. మరి మనకి? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లా కొండల్లో ఊళ్ళకి ఊళ్ళే తెగిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోనుల్లో సిగ్నల్ లేదు. అంతకు ఐదేళ్ళ ముందు, అదే అక్టోబరులో, ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దిగి బరంపురాన్ని ఊపేసింది. అలాంటి వారంలో ఈథర్ 35 శాతం పడితే బావ కొట్లో చీకట్లో కూర్చుని ఉంటాడు, ప్రోగ్రాం తన పని తాను చేసుకుపోతుంది. అందుకే నాది మొరటు లెక్క. ఫోను దగ్గరుండి, చేతిలో డాలరు నాణేలు సిద్ధంగా ఉంటే 1.5. తుపాన్ల నెలల్లో, ప్రయాణాల్లో, పెళ్ళి పనుల్లో 2కి తగ్గొద్దు. పెళ్ళింట్లో ఫోను చూసుకునే తీరిక ఎవరికుంది?

ధర ఒక్క రోజులో అంత పడుతుందా అని బావకి అనుమానం. పడింది. 2020 మార్చి 12న కొవిడ్ భయంతో మార్కెట్లన్నీ కూలిన రోజున ఈథర్ ఒక్క రోజులో 40 శాతానికి పైగా దిగింది. అప్పటికి ఈ రంగంలో పెద్దదైన మేకర్ అనే మార్కెట్లో తాకట్టుల వేలాలు మొదలయ్యాయి. నెట్‌వర్కు కిక్కిరిసిపోయింది, లావాదేవీల రుసుము ఒక్కసారిగా పెరిగింది, వేలం పాడే ప్రోగ్రాములు చాలావరకు చేతులెత్తేశాయి. పోటీ లేదని గమనించిన కొందరు సున్నాకి పాట పాడి ఈథర్లు పట్టుకుపోయారు. అలా పోయిన తాకట్టు విలువ సుమారు 83 లక్షల డాలర్లు. తర్వాత మేకర్ వేలం పద్ధతినే మార్చుకుంది. ఆ రోజున అప్పు కట్టడానికి ప్రయత్నించినవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. లావాదేవీ వరసలో ఇరుక్కుని ఆలస్యమైంది. ధర పడ్డాక కడదాంలే అనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి చూసుకోండి.

సరే, ప్రోగ్రాంకి ధర ఎవరు చెబుతారు? గీటురాయి ఎవరి చేతిలో ఉంది? బయటి ధరని ఆ ప్రోగ్రాం నడిచే బ్లాక్‌చెయిన్‌లోకి మోసుకొచ్చే ఏర్పాటుని ఒరాకిల్ అంటారు. చెయిన్‌లింక్ వీటిలో ఎక్కువగా వాడేది. ఈథీరియం మీద దాని ఈథర్ ధర అర శాతం కదిలినా, లేదా గంట గడిచినా కొత్తగా నమోదవుతుంది. కాబట్టి ఎక్స్‌ఛేంజి (క్రిప్టో కొని అమ్మే చోటు) యాప్‌లో మీరు చూసే ధరకీ, ప్రోగ్రాం చూసే ధరకీ కాస్త తేడా ఉంటుంది. 1.02 దగ్గర ఆడుకునేవాడికి ఆ తేడాయే ముంచుతుంది. ఒక్కోసారి తేడా రావాల్సిన చోట కాక ఇంకోచోట వస్తుంది. 2020 నవంబరు 26న కాంపౌండ్ చూసే ఒక ఎక్స్‌ఛేంజిలో డాయ్ అనే డాలరు నాణెం కాసేపు 1.30 డాలర్లకి ఎగిరింది. తాకట్టు ధర పడలేదు, అప్పు విలువే పెరిగింది. సుమారు 9 కోట్ల డాలర్ల మేర తాకట్టులు లిక్విడేట్ అయ్యాయి. మేం అప్పు డాలర్లలోనే తీసుకున్నాం, మా అప్పు కదలదు అనుకున్నవాళ్ళే ఎక్కువగా దెబ్బతిన్నారు.

ఇంక రెండో తలుపు. కుండ.

ఆవేలో మీరు వేసిన ఈథర్ పెట్టెలో తాళం వేసి ఉండదు. దాన్నే ఇంకొకరికి అప్పిస్తారు. అందుకే మీ తాకట్టు మీద మీకు కూడా కొంత వడ్డీ వస్తుంది. బావకి ఇది వింతగా తోచింది. "షావుకారు మన గొలుసుని పక్కింటోళ్ళకి పేరంటానికిచ్చినట్టు ఉంది," అన్నాడు. సరిగ్గా అంతే. కుండలో 100 ఉంటే 95 బయట తిరుగుతుంటే మిగిలింది 5. మీ ఫ్యాక్టర్ ఎంత పచ్చగా ఉన్నా మీరు 8 అడిగితే లావాదేవీ విఫలమవుతుంది. డబ్బు పోయినట్టు కాదు, ప్రస్తుతానికి లేనట్టు. ఇలాంటప్పుడు ప్రోగ్రాం అప్పు వడ్డీని నిటారుగా పెంచేస్తుంది. వాడకం ఒక గీత దాటేదాకా వడ్డీ నెమ్మదిగా పెరిగి, దాటాక కొండెక్కుతుంది. ఆ వేడికి అప్పున్నవాళ్ళు కట్టేస్తారు, వడ్డీ ఆశకి కొత్తవాళ్ళు వేస్తారు, కుండ నిండుతుంది. కొన్ని గంటలు పట్టొచ్చు, రోజులూ పట్టొచ్చు. ఈలోగా 5 ఉంటే ఆ 5 తీసుకోవచ్చు, మిగతాది తర్వాత. కాబట్టి పెళ్ళి ముందురోజున తీద్దాంలే అని కూర్చోకూడదు. మార్కెట్ పేజీలో ఆ నాణేనికి వాడకం శాతం ఎంత, ఇంకా ఎంత మిగిలింది అని చూపిస్తారు. పది రోజుల ముందు నుంచే చూస్తూ ఉండాలి.

అన్ని మార్కెట్లూ ఇలా ఉండవు, ఈ తేడా తెలియక చాలామంది భయపడాల్సిన చోట భయపడరు, అక్కర్లేని చోట టెన్షన్ పడతారు. 2022 ఆగస్టులో వచ్చిన కాంపౌండ్ మూడో రూపంలో తాకట్టుని ఎవరికీ అప్పివ్వరు. దాని మీద వడ్డీ రాదు, కానీ కుండ ఖాళీ అయినందువల్ల మీ తాకట్టు ఇరుక్కోదు. మేకర్ పద్ధతి మొదటి నుంచీ ఇదే. మార్ఫో అనే ఇంకో సంస్థ కొత్త మార్కెట్లలో కూడా తాకట్టు కదలకుండా ఉంటుంది. అక్కడ కుండ ఖాళీ కష్టం అప్పిచ్చేవాళ్ళది, తాకట్టు పెట్టినవాళ్ళది కాదు. నన్నడిగితే, కొద్దిపాటి వడ్డీ కోసం తాకట్టుని ఊరి మీద తిప్పడం కంటే బీరువాలో ఉండనివ్వడమే నయం. కానీ బావలాంటివాళ్ళు వడ్డీ వస్తుందనే ఆ వైపు వెళతారు.

ఇంకొక ఆటంకం అరుదైనది. ఏదైనా లోపం బయటపడితే మార్కెట్ నిర్వాహకులు కొన్ని పనులు ఆపేస్తారు. ఒక నాణేన్ని 'ఫ్రీజ్' చేస్తే కొత్తగా వెయ్యడం, అప్పు తీసుకోవడం ఆగుతాయి. కట్టడం, విడిపించడం నడుస్తాయి. 'పాజ్' చేస్తే అన్నీ ఆగుతాయి. 2023 నవంబరులో ఆవే పాత రూపంలో ఒక లోపం గురించి సమాచారం అందగానే కొన్ని మార్కెట్లని పాజ్ చేశారు, కొన్ని నాణేలని ఫ్రీజ్ చేశారు. తర్వాత మళ్ళీ తెరిచారు. అలాంటి వారంలో చేసేదేమీ లేదు, అప్పు తక్కువ పెట్టుకుని ఉండడం తప్ప.

రెండు తలుపులూ తెరిచి ఉన్నాయి అనుకుందాం. ఏ వరసలో చెయ్యాలి?

చేతిలో డాలరు నాణేలుంటే ముందు అప్పు కట్టు, తర్వాత తియ్యి. ఇందులో మాట్లాడుకోవడానికేం లేదు. బావ దగ్గర లేవు. ఈథర్ అమ్మితేనే అప్పు తీరుతుంది, అప్పు తీరితేనే ఈథర్ వస్తుంది. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు అన్న సామెత సరిగ్గా దీనికే చెప్పినట్టుంటుంది. దీనికి రెండు దారులు.

ఒకటి, విడతలవారీగా. బావకి కాగితం మీద ఇలా రాసిచ్చాను. మొదట 1 ఈథర్ తియ్యి, మిగిలినవి 3, ఫ్యాక్టర్ 1.5. ఆ ఒక్కటీ అమ్మితే 2,500 వస్తుంది, వెంటనే కట్టెయ్యి. అప్పు 1,500కి దిగింది, ఫ్యాక్టర్ 4కి ఎక్కింది. ఇంకో ఈథర్ తియ్యి, మిగిలినవి 2, ఫ్యాక్టర్ 2.67. అది అమ్మి 1,500 కట్టెయ్యి, 1,000 చేతిలో మిగిలింది. అప్పు సున్నా. ఇప్పుడు మిగతా 2 ఈథర్లూ తీసుకో. మొత్తంలో ప్రమాదకరమైన ఘడియ ఒక్కటే, మొదటి అడుగు తర్వాత అప్పు కట్టేలోపు. అక్కడ కూడా ఫ్యాక్టర్ 1.5 కంటే దిగలేదు. అమ్మకం ఎక్స్‌ఛేంజికి పంపి చెయ్యాలంటే గంటలు పట్టొచ్చు. ఆ గంటల్లో ధర ఎంత పడినా తట్టుకుంటుందా అన్నదే మొదటి అడుగు ఎంత ఉండాలో చెబుతుంది. భయమైతే మొదట అర ఈథరే తియ్యి.

రెండోది, తాకట్టుతోనే అప్పు తీర్చడం. కొన్ని యాప్‌ల్లో ఈ బటన్ ఉంటుంది. ఒకే లావాదేవీలో ప్రోగ్రాం క్షణకాలపు అప్పు తెచ్చి, మీ బాకీ తీర్చి, మీ ఈథర్‌లో కొంత అమ్మి, ఆ క్షణకాలపు అప్పుని తిరిగి కట్టేస్తుంది. మధ్యలో ఏది కుదరకపోయినా మొత్తం రద్దవుతుంది, నెట్‌వర్కు రుసుము మాత్రం పోతుంది. మధ్యలో ఇరుక్కుపోయే భయం లేదు. కానీ మార్పిడిలో ధర ఎంత జారవచ్చో మీరు ఒప్పుకోవాలి. ఆ శాతాన్ని పెద్దగా పెట్టి వదిలేస్తే మీకు రావలసినదాంట్లో కొంత ఇంకెవరో తినేస్తారు. పెద్ద నాణెమైతే అర శాతం చాలు.

తాకట్టు రెండు రకాలైతే, ఏది ముందు తియ్యాలన్నది కూడా లెక్కే. గీత శాతం తక్కువున్న నాణెం తీస్తే డాలరుకి డాలరు లెక్కన ఫ్యాక్టర్ తక్కువ పడుతుంది. వెయ్యి డాలర్ల ఈథర్ తీస్తే 800 బలం పోతుంది. 65 శాతం గీతున్న టోకెన్ వెయ్యి డాలర్లది తీస్తే 650 మాత్రమే. పైగా ఊగిసలాడే టోకెన్ బయటికి పోయి, కాస్త నిలకడైనది తాకట్టులో మిగులుతుంది.

ఇప్పుడు మళ్ళీ మ్యాక్స్ బటన్. అప్పు ఉన్నప్పుడు తాకట్టు వైపు మ్యాక్స్ నొక్కకూడదు. అప్పు కట్టే వైపు మాత్రం మ్యాక్సే నొక్కాలి. కారణం వడ్డీ. 4,000 అప్పు మీద ఏడాదికి 5 శాతమంటే రోజుకి 55 సెంట్లు. అది నెల చివర్లో కాక ప్రతి క్షణం పేరుకుంటూ ఉంటుంది. స్క్రీను మీద కనబడిన అంకెని చూసి సరిగ్గా అంతే టైపు చేసి కడితే, ఆ లావాదేవీ నమోదయ్యేలోపు సెంటులో ఏ వందో వంతో వడ్డీ కొత్తగా చేరి ఉంటుంది. అప్పు సున్నా అవదు. సున్నా అవకపోతే మొత్తం తాకట్టు వదలదు. బావ స్నేహితుడొకడు ఇలాగే 0.0003 డాలరు బాకీతో ఒక పూటంతా కొట్టుకున్నాడట. మ్యాక్స్ నొక్కితే ఆ క్షణానికి ఎంతుంటే అంతా కట్టేస్తుంది. వాలెట్‌లో, అంటే మన నాణేలుండే యాప్‌లో, నాలుగైదు డాలర్లు ఎక్కువ ఉంచుకుంటే చాలు.

ఉంచుకోవాల్సింది ఇంకొకటి ఉంది, గ్యాస్. లావాదేవీ రుసుముని ఆ నెట్‌వర్కు సొంత నాణెంలోనే కట్టాలి. ఈథర్ మొత్తం తాకట్టులో పెట్టేసి, వాలెట్‌లో పైసా ఉంచకపోతే, బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపేసినట్టు. బావ సరిగ్గా ఇదే చేశాడు. నా వాలెట్ నుంచి కాస్త ఈథర్ పంపితే గాని మొదటి అడుగే పడలేదు.

పన్ను మాట కూడా చెప్పాలి, ఎవరికీ ఇష్టం లేకపోయినా. 2022 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, సెస్ అదనం. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసెయ్యనివ్వరు. 2022 జూలై 1 నుంచి 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. ఒక నాణేన్ని ఇంకో నాణెంతో మార్చుకున్నా అమ్మకం కిందే లెక్క. తాకట్టుతోనే అప్పు తీర్చే బటన్ నొక్కితే మీ ఈథర్ అమ్ముడుపోయినట్టే. రూపాయలు పెట్టి యూఎస్‌డీసీ కొని అప్పు కడితే ఈథర్ అలాగే ఉంటుంది. 2021లో చవగ్గా కొన్నవాళ్ళకి ఈ తేడా చిన్నది కాదు. తేదీ, సమయం, ఆ రోజు రూపాయల ధర రాసిపెట్టుకుని సీఏ దగ్గరికి వెళ్ళండి.

మోసాల గురించి ఒడిశాలో ఉన్నవాళ్ళకి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2023 ఆగస్టులో ఒడిశా ఆర్థిక నేరాల విభాగం ఎస్‌టీఏ టోకెన్ పేరుతో నడిచిన గొలుసుకట్టు మోసాన్ని బయటపెట్టింది. అది లెండింగ్ మార్కెట్ కాదు, క్రిప్టో ముసుగేసుకున్న పాత చీటీల దగా. విడిపించే చోట వచ్చే మోసం ఇంకోలా ఉంటుంది. మీ విత్‌డ్రా ఆగింది, ముందు పన్ను కట్టండి, ముందు వాలెట్‌కి తాళంచెవిలాంటి పన్నెండు రహస్య మాటలూ చెప్పండి అని ఒకడు సహాయకుడిలా మెసేజ్ పెడతాడు. అసలు మార్కెట్లో అలా ఒక్కరి విత్‌డ్రా ఆపి డబ్బడిగే మనిషే ఉండడు. గూగుల్లో పేరు వెతికి పైనొచ్చిన ప్రకటన మీద నొక్కడం ఇంకో గుంట. అప్పు తీసుకున్న రోజునే అసలు చిరునామాని బుక్‌మార్క్ చేసుకోండి.

రాత్రి పదకొండింటికి బావ ఇంటి అరుగు మీద కూర్చుని పని మొదలుపెట్టాం. మొదట అర ఈథర్. వచ్చిందా లేదా అని వాలెట్ చూసుకుని, అమ్మి, కట్టి, ఫ్యాక్టర్ పెరిగిందని చూసుకుని, మళ్ళీ ఇంకోటి. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది. బావ నా వైపు చూశాడు. ఫోను డేటా మీద నడుస్తోంది కాబట్టి సరిపోయింది. ఒంటిగంట దాటాక అప్పు వరసలో సున్నా కనిపించింది. ఇంక తాకట్టు వైపు మ్యాక్స్ నొక్కమన్నాను. భయంతో నొక్కకుండా స్క్రీను మీద కనబడిన అంకె చూసి అంతే టైపు చేసి తీశాడు. ఆ అంకెలో కనబడని వడ్డీ ముక్క అక్కడే ఉండిపోయింది. తెల్లారి కొట్టు తెరుస్తూ ఫోను చూపించాడు, తాకట్టు వరసలో 0.00002 ఈథర్.

"దీన్నేటి చెయ్యాల?"

అప్పు లేదు కాబట్టి ఇప్పుడు నిక్షేపంలా మ్యాక్స్ నొక్కొచ్చన్నాను. రుసుము చూశాడు. ముక్క విలువ కంటే అదే ఎక్కువ. ఫోను గల్లాపెట్టెలో పడేసి, ఎదురుగా నిలబడ్డ అబ్బాయికి ఛార్జరు చూపించడం మొదలుపెట్టాడు.